వంపు తిరిగిన ఇటుకలు

పాలు పొయ్యి మీద పెట్టి పెరటి తలుపు తీసిన కోడలు గడప మీదే ఆగిపోయింది. నిన్న సాయంత్రం తాడు కట్టి మరీ తిన్నగా పేర్చిన ఇటుకల వరస మధ్యలో వంపు తిరిగి ఉంది. ఒక్క ఇటుకా విరగలేదు, పడిపోలేదు. ఎవరో ఓపిగ్గా పక్కపక్కనే పేర్చినట్టుంది.

లోపల మామగారు నడుం పట్టుకుని పరుపు అమ్మినవాణ్ణి తిడుతున్నారు.

"పడుకుని లేస్తే బరువులు మోసినట్టుంటోంది. నన్నే మోసం చేశాడు వెధవ!"

ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి చూసి ధర చెప్పగలరు. అత్తగారు పోయాక పెరడు ముళ్ళకంపలతో నిండిపోయింది. వాడని చోటంటే ఆయన లెక్కలో నిలవ సరుకే. అందుకే మొత్తం సిమెంటు చేసి రేకుల షెడ్డు వేద్దామన్నారు.

కొత్తగా వచ్చిన కోడలు బేరానికి దిగింది. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఎవరో ఒకరు ముందే పెట్టినది. తను పెట్టింది ఒక్కటీ లేదు. పెరడైనా తన చేతి మీదుగా బాగుపడాలని ఆశ.

"మేస్త్రీ వచ్చేలోగా మనిషి కూర్చునేలా చేస్తే షెడ్డు మానేస్తారా, మామయ్యా?"

"మానేస్తా. కానీ జేబులోంచి పైసా తియ్యను. కొట్లో అమ్ముడుపోనిది ఏదైనా పట్టుకెళ్ళు. అమ్ముడుపోయేది మాత్రం ముట్టుకోకు."

కోడలూ తక్కువది కాదు. అంచు పగిలిన బకెట్లు కుండీలయ్యాయి. రంగు తప్పుగా కలిసిందని ఎవరో వదిలేసిన పెయింటు గోడకెక్కింది. వంగిన ఊచలు తీగలకు పందిరయ్యాయి. కారే నీళ్ళడబ్బా కూడా తెచ్చుకుంది. పాత గోడ పగలగొట్టిన ఇటుకలతో పాదుకి అంచు కట్టింది. వంకర పోయేది ఆ అంచు ఒక్కటే.

సరిచేసింది. మర్నాడు మళ్ళీ అదే వంపు, అదే చోట.

"పిల్లులేమో," అన్నాడు భర్త.

"మీ ఊళ్ళో పిల్లులు ఇటుకలు మోస్తాయా?"

అతను నవ్వలేదు. పెరటివైపు చూడకుండా టిఫిన్ తిని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మొహం కడుక్కోవడానికి కూడా వెనక్కి రావడం మానేశాడు. వంపు లోపలి మట్టి మెత్తగా ఉండేది, దాని మీద ఒక్క అడుగు గుర్తూ ఉండేది కాదు. అక్కడ వంగి పని చేస్తుంటే వెనక ఎవరో నించుని తప్పులు పడుతున్నట్టు కోడలి మెడ జిల్లుమనేది.

మేస్త్రీ సిమెంటు బస్తాల బండితో వచ్చిన పొద్దున కూడా వరస వంపు తిరిగే ఉంది.

"ఇదా బాగుచెయ్యడం?" మామగారు గుమ్మంలోంచే అన్నారు. "తిన్నగా ఒక్క వరస కట్టలేకపోయావు. దించవయ్యా బస్తాలు!"

కోడలికి ఒళ్ళు మండిపోయింది. "నేను తిన్నగానే కట్టాను! రోజూ చెడగొడుతున్నది మీరే. బేరం ఓడిపోతానేమోనని, నన్ను భయపెట్టి పెరట్లోంచి వెళ్ళగొడదామనుకుంటున్నారు!"

"నోరు అదుపులో పెట్టుకో, అమ్మాయ్! నలభై కిలోల మేకుల పెట్టె ఎత్తలేక మనిషిని పెట్టుకున్నాను. నేను ఇటుకలు మోస్తానా? ఈ చేతులతోనా?"

రెండు చేతులూ చాపారు.

గోళ్ళ నిండా ఎర్రటి ఇటుక పొడి. వేళ్ళ కొసలు గీసుకుపోయి ఉన్నాయి.

మేస్త్రీ ఎత్తిన బస్తా మెల్లగా బండిలోనే పెట్టేశాడు.

"నాన్నా," అన్నాడు కేకలు విని పెరట్లోకి వచ్చిన కొడుకు, "నిద్రలో లేచి వస్తున్నావా?"

మామగారు తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నారు. తర్వాత వంపు వైపు చూశారు. మెట్టు మీద కూలబడ్డారు.

"ఇది మీ అత్త కట్టిన వంపు. వీడికీ తెలుసు. తిన్నగా కడితే ఇటుకలు మిగులుతాయి కదే అని సాధించేవాణ్ణి. ఆవిడేమో, మట్టిలో దుంపలు ఎలా ఉంటే అలాగే కట్టాలి, వాటికి మీ లెక్కలు తెలియవు అనేది. ఆవిడ పోయాక ఆ ఇటుకలు నేనే పీకేశాను." ఎర్రబడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు. "నాకు గుర్తే లేదనుకున్నాను."

కోడలు వంపు లోపల మట్టిని వేళ్ళతో పక్కకి తీసింది. లిల్లీ దుంపలు, ఒకదాని పక్కన ఒకటి, తెల్లటి మొలకలతో. తిన్నని అంచు కోసం అక్కడ గునపం వేద్దామనుకుంది తను.

"తప్పుగా అన్నాను, మామయ్యా."

"అనాల్సింది ఆవిడ. నువ్వు అన్నావు, అంతే." కళ్ళు తుడుచుకుని మేస్త్రీ వైపు తిరిగారు. "బండి వెనక్కి తిప్పు. కిరాయి నష్టం నాది."

సాయంత్రం ముగ్గురూ కలిసి అంచు కట్టారు. వంపుకి ఇటుకలు ఎక్కువే పట్టాయి. చివర ఒక్క ఇటుక తగ్గింది. పెరడంతా వెతికినా దొరకలేదు. మామగారు మళ్ళీ లేచి రాకుండా కోడలు పెరటి తలుపుకి తాళం వేసి తాళంచెవి తన తలగడ కింద పెట్టుకుంది.

పొద్దున తాళం వేసినట్టే ఉంది. తలుపు తీస్తే చివరి ఖాళీలో నాచు పట్టిన పాత ఇటుక కూర్చుని ఉంది.

మామగారు గోళ్ళు చూసుకున్నారు. శుభ్రంగా ఉన్నాయి. కొడుకు అడక్కుండానే తన చేతులు చూపించాడు. కోడలూ చూపించింది. అవీ శుభ్రంగానే ఉన్నాయి.

ఆ ఇటుకని ఎత్తి చూడాలని మామగారి చెయ్యి ముందుకెళ్ళింది. మధ్యలోనే ఆగింది.

"నీళ్ళడబ్బా అందుకో, అమ్మాయ్," అన్నారు చాలా మెల్లగా, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. "ఆ చివర నుంచి పొయ్యి. ఆవిడ అక్కణ్ణుంచే పోసేది."