రాతినగరంలో కాటుకచుక్క

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే, పిల్లలూ. పిలిస్తే మావాడు పలకకపోవడం. వంటింట్లోంచి ఒక కేక వేస్తాను. జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, గరిటె అక్కడే పడేసి పరుగెత్తుతాను. ముత్యాలరేవు రాజ్యంలో ఒకప్పుడు తల్లులందరికీ ఆ భయమే నిజమై కూర్చుంది.

సముద్రం ఒడ్డునున్న ఆ రాజ్యానికి ఎర్ర తెరచాపల ఓడలో ఒక శిల్పి వచ్చాడు. అతని ముఖం నున్నటి రాయిలా మెరిసేది. వీధుల్లో ఆడుకునే పిల్లలను చూసి, "ఆహా, ఒక్క వంక కూడా లేదే!" అని మెచ్చుకుంటూ పలక మీద వాళ్ల రూపులు గీసుకున్నాడు. ఓడ వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆ పిల్లలు పిలిస్తే పలకలేదు. కళ్లు తెరిచే ఉంటాయి, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, చూపు మాత్రం గోడమీది బొమ్మ చూపు. రాజుగారి కూతురూ అలాగే అయిపోయింది. తెరచాపలు కుట్టే పోలమ్మ కొడుకు సన్నిబాబూ అలాగే అయిపోయాడు.

"రోజూ బుగ్గన దిష్టిచుక్క పెట్టేదాన్ని. ఆ రోజు ఓడ సూడాలని తొందరపెట్టీసినాడు. ఒట్టి ముకంతో పంపీసినాను" అని పోలమ్మ గుండెలు బాదుకుంది.

సన్నిబాబు అక్క నూకాలుకు పడవ నడపడం వచ్చు. ఏడుస్తూ కూర్చోవడం రాదు. కొండగుహలో ఉండే ముని దగ్గరకు వెళ్లి కాళ్లమీద పడింది. ముని కళ్లు మూసుకుని చూశాడు.

"ఆ శిల్పి మాయావి, అమ్మాయీ. పడమటి సముద్రాల అవతల ఈజిప్టు దేశం ఉంది. అక్కడ నైలునది ఒడ్డున పాతకాలపు రాజుల సమాధులున్నాయి. వాటిలో ఒకదాని గోడకు ఈ పిల్లల ప్రాణాలను బొమ్మలుగా అతికించాడు. వచ్చే పున్నమినాడు పొద్దు గుంకేలోగా విడిపించకపోతే రంగు ఆరిపోతుంది. ఆరిన బొమ్మ ఇక దిగిరాదు."

"ఎలాగ ఇడిపించాల, తాతా?"

"అది నాకు కనిపించలేదు. అక్కడ దారి చూపేవాడొకడు ఉన్నాడు. వాడి మాట ఓపిగ్గా విను."

బయల్దేరేటప్పుడు పోలమ్మ తన కాటుక భరిణెను కూతురి రొండిన దోపింది. "నువ్వయినా మర్సిపోకు. రోజూ పెట్టుకో."

గాలి కలిసొచ్చింది. పున్నమినాడు తెల్లవారేసరికి పడవ నైలునది రేవుకు చేరింది. రేవు మెట్లమీద ఒక నల్లనక్క కూర్చుని ఉంది. దాని మెడలో బంగారు పట్టెడ.

"దయచేయండి, దయచేయండి! పొద్దున గుడులు, మధ్యాహ్నం నది దాటడం, సాయంత్రం సమాధులు. గోడలు తాకరాదు. నాకంటే ముందు నడవరాదు. ముసళ్ల సంగతి తర్వాత చెబుతాను."

"నక్క మావా, తిన్నగా సమాధులకాడికి తీసుకెల్లిపో. మా తమ్ముడున్నాడక్కడ."

నక్క నొచ్చుకుంది. "అందరిదీ ఇదే గోల! ఇంత పాత గుడి చూపిస్తానంటే, ఎంతసేపు పడుతుందని అడుగుతారు. వరస తప్పితే ఇక్కడ తలుపులు తెరుచుకోవు, పిల్లా."

గుడిదారికి అటూ ఇటూ సింహం ఒళ్లు, పొట్టేలు తల ఉన్న విగ్రహాలు బారులుతీరి పడుకున్నాయి. నూకాలు పరుగందుకుంది. చివరిదాకా వెళ్లి చూస్తే మళ్లీ మొదటి పొట్టేలు ముందే ఉంది! మళ్లీ పరుగెత్తింది. మళ్లీ అక్కడే.

"మమ్మల్ని చూడకుండా పోయేవాళ్లను మేమూ పోనివ్వం" అంది ఆ పొట్టేలు, రాళ్లు దొర్లినట్టున్న గొంతుతో.

నూకాలు మనసు చిక్కబట్టుకుని ఒక్కోదాన్నీ చూస్తూ నడిచింది. ఒకదాని కొమ్ముల మధ్య పిచ్చుకగూడు ఉంది. ఇంకోదాని గడ్డం కింద చిన్న రాజు బొమ్మ, తల్లి ఒళ్లో పాపలా నిలబడి ఉంది. ముక్కు విరిగిన పొట్టేలు ఒకటి మాత్రం కన్నెత్తలేదు, మాట్లాడలేదు.

"దీనికేటయింది, మావా?"

నక్క ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు! "ఈ దేశంవాళ్ల నమ్మకం అది. బొమ్మ ఏ వంకా లేకుండా ఉంటేనే అందులో ప్రాణం నిలుస్తుంది. ముక్కు విరిగిందా, ప్రాణం ఎగిరిపోతుంది. అందుకే శత్రువులు ముందు ముక్కులే కొడతారు."

ఆ మాట నూకాలు మనసులో పెట్టుకుంది. దారి తెరుచుకుంది. నలుగురు చేతులు కలిపినా అందనంత లావు స్తంభాల మధ్య నుంచి, ఒకే రాతిలో చెక్కిన సూదిలాంటి కంబాల పక్కనుంచి నక్క ఆమెను నడిపించింది. తర్వాత ఇద్దరూ నది దాటారు.

అవతలి ఒడ్డున కొండలంత రాతిరాజులిద్దరు కూర్చుని మూలుగుతున్నారు. వాళ్ల మోకాళ్లు దారికి అడ్డం.

"జరగండి, బాబూ!"

"ఎలా జరుగుతాం? కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కాయి" అన్నారిద్దరూ.

నూకాలు ఒక్కో బొటనవేలినీ రెండు చేతులా పట్టి, పడవ లాగినట్టు "హైలెస్సా!" అంటూ గుంజింది. రాజులకు ఆ పాట నచ్చింది. వాళ్లూ "హైలెస్సా!" అనేసరికి కొండ అదిరింది, మోకాళ్లు పక్కకు జరిగాయి, సమాధి తలుపు తెరుచుకుంది.

మెట్లు దిగాక పెద్ద త్రాసు. ఒక తట్టలో తెల్లటి ఈక. నక్క గొంతు మారిపోయింది. "ఇక్కడ నేను దారి చూపేవాణ్ణి కాదు, గుండెలు తూచేవాణ్ణి. నీ గుండె ఈకకంటే బరువైతే లోపలికి పంపలేను. చెయ్యి గుండెమీద ఆనించి, ఆ చేతిని రెండో తట్టలో పెట్టు."

నూకాలు చెయ్యి పెట్టింది. తట్ట ధడేలుమని కిందికి పోయింది.

"లోపల ఏం దాచావు?"

"ఏటీ నేదు." తట్ట ఇంకా దిగింది.

నూకాలు ఉన్నమాట చెప్పేసింది. "బయంగా ఉంది, మావా! నాను పిలిస్తే ఆడు పలకడేమోనని బయం!"

తట్ట మెల్లగా పైకి లేచింది. "భయపడితే తప్పులేదు. దాచుకుంటేనే బరువు" అంటూ నక్క తప్పుకుంది.

లోపలి గోడనిండా పిల్లలు, పక్కకు తిరిగి, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నట్టు ఉన్నారు. చివర సన్నిబాబు. కొరకబోయిన చెరుకుముక్క చేతిలో అలాగే ఉంది. వాళ్ల కాళ్ల దగ్గర రంగు అప్పుడే ఆరిపోతోంది. శిల్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముక్కుల కథ విన్నావుగా? ఇదిగో సుత్తి. కొట్టు, నీ తమ్ముడు నీతో వస్తాడు. ముక్కు లేకుండా!" అని పగలబడి నవ్వాడు.

నూకాలు సుత్తి ఎత్తింది. చెయ్యి రాలేదు. మెట్లమీదుగా జారిపడ్డ సాయంత్రపుటెండలో తమ్ముడి బుగ్గ మెరుస్తోంది. అదే బుగ్గ, అమ్మ చుక్క పెట్టడం మరిచిన బుగ్గ!

సుత్తి విసిరేసి రొండిన ఉన్న భరిణె తీసింది. "వంక కావాల, అంతే కదా? మా ఊరిలో దానికి సుత్తి అక్కర్నేదు" అంటూ తమ్ముడి బుగ్గన ఇంత కాటుకచుక్క పెట్టింది.

"మచ్చ! నా బొమ్మకు మచ్చ!" శిల్పి తుడవబోయాడు. తుడిచినకొద్దీ కాటుక పాకింది. గోడ ఒక్క తుమ్ము తుమ్మింది. సన్నిబాబు బొమ్మ పిచ్చుకై తుర్రుమంటూ తలుపులోంచి తూర్పుకు ఎగిరిపోయింది. నూకాలు బారు పొడుగునా పరుగెత్తి బుగ్గబుగ్గకూ చుక్క పెట్టింది. రాజకుమారి ఎగిరింది, అందరూ ఎగిరారు. శిల్పి అడ్డొస్తే అతని నున్నటి చెంపకూ ఒకటి పెట్టింది. అతను కెవ్వుమని, కడుక్కోవడానికి నదికి పరుగెత్తాడు.

నక్క నిట్టూర్చింది. "ముసళ్ల సంగతి చెప్పేలోగానే దిగాడు. దారి చూపేవాడి మాట వినకపోతే అంతే."

వెళ్లేముందు నూకాలు నక్క చెంపన కూడా చుక్క పెట్టింది.

"నల్లనక్కకు నల్లచుక్క ఎవరికి కనిపిస్తుంది, పిల్లా?"

"కనిపించక్కర్నేదు, మావా. ఉంటే సాలు."

పడవ ముత్యాలరేవు చేరేసరికి జనం డప్పులతో ఎదురొచ్చారు. తల్లులు పేర్లు పిలుస్తున్నారు, పిల్లలు పలుకుతున్నారు. రేవుకు ఇకమీదట నూకాలే అధికారి అని రాజుగారు చాటించారు. నూకాలు చెవికి ఏదీ ఎక్కలేదు. గట్టుమీద తమ్ముడు లేడు. ఇంటికి పరుగెత్తింది.

"ఒరే సన్నీ!"

జవాబు లేదు. గుమ్మం దాటి లోపలికి దూకింది.

"ఒరే సన్నిబాబూ!"

తెరచాపల కుప్ప వెనకనుంచి ఒక తల లేచింది. బుగ్గమీద అమ్మ పెట్టిన చుక్క సగం ముఖాన్ని మింగేసింది. "ఏటే అప్పా, ఆ అరుపులు? సెరుకు నవుల్తన్నాను, కనపడనేదా?"

ఆ తర్వాత నూకాలు రేవును చల్లగా ఏలింది. చుక్క పెట్టకుండా ఏ బిడ్డనూ ఓడలు చూడనివ్వలేదు.

కథ అయింది. ఇక నాకో పని చేసిపెట్టండి. మీ ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు ఏ మూల ఆడుకుంటున్నారో, లేచి వెళ్లి పేరుపెట్టి పిలవండి. నోట్లో ఏదో పెట్టుకుని పలకరు, వదలకండి. పలికేదాకా పిలిచి, పలికారని మీ అమ్మకు చెప్పండి.