కేనిస్టర్ బయట రెండు నిమిషాలు

"పెద్దబ్బాయి పోయాడు" అన్నాడు చీఫ్.

ఏజెంట్ 27 కుర్చీలోంచి లేవబోయాడు. "అయ్యో! మీ అబ్బాయా సార్?"

"కూర్చోవయ్యా. ఆబోతు."

మందలకు మందల్నే కూలుస్తున్న జ్వరం ఆ ఆబోతుకు పుట్టిన దూడల జోలికి మాత్రం రాలేదు. ఇక మిగిలింది గడ్డకట్టించి దాచిన దాని వీర్యమే. రెండు కేనిస్టర్లు, ఒక్కోదాంట్లో వీర్యం నింపిన సన్నని గొట్టాలు, ఇరవై స్ట్రాలు. ఒక విదేశీ ముఠా వాటి మీద కన్నేసింది.

27 చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో ఏం చెప్పను సార్?"

"పాల డెయిరీ పనని చెప్పు. అబద్ధమేం కాదు. దానికి కాస్త ముందు దశ."

ద్రవ నైట్రోజన్ నింపే పనివాడి వేషంలో, జేబులో చిన్న తెర ఉన్న పెన్ కెమెరాతో 27 వీర్యం బ్యాంకులో చేరాడు. అక్కడ మన ఇన్ఫార్మర్ ఒకామె ఉంది. మైక్రోస్కోపులు అమ్మే సేల్స్ లేడీ, నల్ల కళ్లద్దాలు, మెడలో ఎర్ర సిల్కు స్కార్ఫ్.

"లోపల చలెక్కువా?" అందామె. అది కోడ్.

"అలవాటైతే ఏం లేదండీ."

బ్యాంకును చూసుకునే డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించింది. "లోపల మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీలు. కేనిస్టర్‌ని కంటెయినర్ మెడ దాటించకు నాయనా. మెడ దాకా లేపినా పది సెకన్లు, అంతే. కరిగి మళ్లీ గడ్డకడితే మంచు పలుకులు కణాల పొరల్ని చీల్చేస్తాయి. పైకి మాత్రం స్ట్రా అలాగే కనిపిస్తుంది. పశువు చూడి కట్టలేదని రైతుకు తెలిసేసరికి రెండు నెలలు గడిచిపోతాయి."

అసలు స్ట్రాలు మారిపోలేదని తేల్చుకోవడానికి వాటి మీది కోడ్ ఫోటో తీయాలి. చీఫ్ ఆర్డర్ అది. డాక్టరమ్మ భోజనానికి వెళ్లగానే 27 మూత తీశాడు. ఆవిరికి లెన్స్ మసకబారింది. మొదటి కేనిస్టర్‌ని బయటికెత్తి బల్లమీద పెట్టాడు. స్ట్రాల మీద మంచు పొర. అది కరిగేదాకా ఆగి ఫోటో తీశాడు. గడియారం చూసుకుంటే రెండు నిమిషాలు. గబగబా లోపల పెట్టేశాడు. మళ్లీ తెల్లగా మంచు పట్టింది, ఏమీ జరగనట్టు.

ఆమె వచ్చాక చెబుదామనుకున్నాడు. ఆమె వచ్చింది. చెప్పలేదు.

ఇంటికెళ్లి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. 'దేవుడికైతే చెప్పొచ్చు, ఆయన డాక్టరమ్మతో అనడు కదా' అనుకున్నాడు. ఆ ఆలోచనకే మళ్లీ సిగ్గేసింది.

మర్నాడు ఉదయం రెండో కేనిస్టర్ మాయమైంది. మైక్రోస్కోప్ డెమో ఇచ్చి వెళ్లిన సేల్స్ లేడీ కూడా కనబడలేదు. పది నలభైకి విదేశానికి స్టీమర్ ఉంది. 27, డాక్టరమ్మ జీపులో రేవుకు పరుగెత్తారు.

గేటు ముందు క్యూలో ఎర్ర స్కార్ఫ్, చేతిలో వెండిరంగు ఫ్లాస్క్. డాక్టరమ్మ ఇంకా జీపు దిగుతోంది. 27 ముందుగా చేరాడు.

"రెండు వైపులా పనిచేస్తున్నావన్నమాట!"

"మీరు ఒక్కవైపే పనిచేసి ఏం ఉద్ధరించారు?" ఆమె గొంతు తగ్గించింది. "పొద్దున డెమో సర్దుకుంటూ, ఎవరూ లేనప్పుడు మొదటి కేనిస్టర్‌లోంచి ఒక స్ట్రా తీశాను. గోరువెచ్చని నీళ్లలో కరిగించి చూస్తే ఒక్క కణం కదిలితే ఒట్టు! నిన్న భోజనం వేళ ఆ గదిలో ఉన్నది మీరొక్కరే. నన్ను పోనివ్వండి. అంతా నేనే పాడుచేశానని రాసుకుంటారు. మీ పరువు మీకు మిగులుతుంది."

27 వెనక్కి, జీపు వైపు చూశాడు. ఒక్క క్షణం, అతను నిజంగానే ఆలోచించాడు.

"ఆ ఫ్లాస్క్ విప్పి చూడండి" అన్నాడు చివరికి. గేటు ఆఫీసర్ ఆమె కాగితం చూశాడు. "టీకా మందు. సీలు విప్పరాదు. అంతా సరిగ్గానే ఉందే. విప్పాలంటే మీ సరుకు గుర్తేదో ఆధారం చూపాలి."

స్టీమర్ కూత వేసింది. డాక్టరమ్మ పక్కకొచ్చి నిలబడింది.

ఆధారం 27 జేబులోనే ఉంది. నలభై స్ట్రాలకూ ఒకటే కోడ్. కానీ ఆ ఫోటోలో కోడ్‌తో పాటు బల్ల, మూత తీసిన కంటెయినర్, స్ట్రాల మీద నీటి చుక్కలు, అడుగున టైము కూడా ఉన్నాయి.

అతను పెన్ తీసి ఫోటో చూపించాడు. తల మాత్రం ఎత్తలేదు.

డాక్టరమ్మ ఆ ఫోటోను అడుగున టైము దాకా చూసింది. తర్వాత "కోడ్ మాదే. విప్పండి" అంది.

ఫ్లాస్క్ మెడ దాకా మాత్రమే ఒక స్ట్రాను పటకారుతో లేపి, కోడ్ చదివి, తిరిగి ముంచింది. ఏడు సెకన్లు. స్టీమర్ ఎర్ర స్కార్ఫ్ లేకుండానే కదిలింది.

"అనవసరంగా చెడిపోయారండీ" అందామె, చేతులకు బేడీలు పడుతుంటే.

ల్యాబులో డాక్టరమ్మ అతన్ని తిట్టలేదు. మొదటి కేనిస్టర్ స్ట్రా ఒకటి కరిగించి, "చూడు" అంది. లెన్స్ కింద అంతా కదలిక లేని గీతలు. తర్వాత ఫ్లాస్క్‌లోది. చెరువులో చేపపిల్లల్లా ఉరుకులు.

"నిన్ననే చెప్పుంటే అవి బతికేవా అమ్మా?"

"లేదు. కానీ మధ్యాహ్నం ఊళ్లకు పంపబోయింది మొదటి కేనిస్టరే. దాదాపు ఇరవై మంది రైతులు ఆశ పెట్టుకుని ఎదురుచూసేవాళ్లు."

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "మిషన్ సక్సెస్! కానీ ఆవిడకు నువ్వు తెలిసిపోయావు. 27 ఇక చెల్లదు. కొత్త కోడ్ నేమ్ రాయి."

అతను రాసిచ్చాడు. చీఫ్ కళ్లజోడు సవరించుకున్నాడు.

"'రెండు నిమిషాలు'? ఇదేం పేరయ్యా? ఏ శత్రువు భయపడతాడు?"

"శత్రువుల సంగతి తెలీదు సార్. నాకైతే భయమేస్తుంది."