మౌనం క్లాసులో గతితర్కం

లెక్చరర్ తలుపు తోసేసరికి గదినిండా జనం కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పాఠం మొదలుపెట్టకముందే నిద్రపోవడం అతను ఎక్కడా చూడలేదు.

"ఎవరండీ మీరంతా?"

ముందు కూర్చున్న అమ్మాయి ఒక్క కన్ను తెరిచింది. "ష్! ఇది మౌనం క్లాసు. నేను టీచర్ని."

"ఈ గది నాదండీ. గతితర్కం చెప్పాలి."

"చెప్పుకోండి. చప్పుడు చెయ్యకుండా."

ఇద్దరికీ ఒకే గది రాసిచ్చిన గుమాస్తా తాపీగా బుర్ర గోక్కుని, వేరే గది ఖాళీ అయ్యేదాకా సర్దుకోమన్నాడు. ఆ సగంలో మౌనం, ఈ సగంలో గతితర్కం.

లెక్చరర్ గుసగుసగా మొదలుపెట్టాడు. "గతితర్కం అంటే ఇంతే. సమాజంలో ప్రతిదాని కడుపులోనూ దానికి ఎదురుతిరిగేది ఒకటి ఉంటుంది. రెండూ పెనుగులాడితేనే కొత్తది పుడుతుంది."

వినపడక విద్యార్థులు ముందుకు జరిగారు. ఎన్నడూ లేనిది, వింటున్నారు! అవతలి సగంలో ఒకాయన మాత్రం ఉండబట్టలేక, "అయితే నేనూ మా ఆవిడా పోట్లాడుకునేది అందుకేనా?" అని అరిచాడు.

"నా మౌనం గంగలో కలిసింది," మండిపడింది టీచర్.

"నా గొంతూ పోయిందిగా! జనం ఫోన్లలో అరుచుకోవడమే తప్ప ఎదుటివాడి మాట వినడం మానేశారు. మీ పుణ్యమా అని నా వాళ్ళు వింటున్నారు."

"పొగుడుతున్నారా, తిడుతున్నారా?"

"రెండూనండీ. విడదీస్తే కుదరదు."

నవ్వు ఆపుకోలేక టీచర్ తన నియమం తానే తప్పింది.

కొన్నాళ్ళకి రెండో గది దొరికింది. లెక్చరర్ ఎంత గట్టిగా చెప్పినా విద్యార్థులు కునికిపాట్లే. పాత గదిలో టీచర్‌కీ అదే గతి. "ఏ గోలా లేకపోతే మౌనంగా ఎందుకుండాలండీ?" అని జనం జారుకుంటున్నారు.

ఒక సాయంత్రం వాన. వరండాలో ఆమె ఎదురుపడగానే, వాగ్ధాటికి పేరుపడ్డ లెక్చరర్‌కి మాట పెగల్లేదు. మౌనం టీచర్ మాత్రం విరుచుకుపడింది.

"గది ఇస్తామనగానే సంచీ సర్దుకుని పోతారా? ప్రతిదానికీ అడ్డం చెప్పే మనిషి, దానికి మాత్రం చెప్పలేదేం? కళ్ళు మూసుకుంటే మీ గుసగుసే వినపడుతోంది నాకు! మాట్లాడరేం?"

"పెళ్ళి చేసుకుందామా?"

"ససేమిరా!" అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఎంతసేపటికీ వదల్లేదు.

మర్నాడు లెక్చరర్ ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె తండ్రి ఎగాదిగా చూశాడు.

"మీ ఇద్దరికీ ఒక్క విషయంలోనైనా పొసిగిందా?"

"లేదండీ," అన్నాడు లెక్చరర్.

"పొసిగింది," అంది ఆమె అదే క్షణంలో.

పెద్దాయన భార్యవైపు తిరిగాడు. "ఏమంటావే?"

"మీరు ఒప్పుకుంటే నేను ఒప్పుకోను."

"అయితే నేను చచ్చినా ఒప్పుకోను."

"అలాగా? అయితే ఈ పెళ్ళి జరగాల్సిందే!" అని ఆవిడ పిల్లల తలలమీద చేతులు పెట్టింది.

పెద్దాయన అల్లుడి చెవిదగ్గరికి వంగాడు. "సంసారం అంతా ఇలాగే నెగ్గుకొచ్చాను బాబూ. దీనికేదో పెద్ద పేరుందటగా?"