గుట్ట కింది రాతి ఇల్లు

“శుభమా అని దర్వాజ ఎత్తుతుంటె గిదేం పనే అమ్మా!”

సుజన అరుపుకి యాకుత్‌పురా గల్లీలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. అరవదా మరి! కొత్త ఇంటి దర్వాజకి పసుపు రాసి, మామిడాకులు కట్టి నిలబెడుతున్న వేళ, పిలవని తల్లి కాశమ్మ రానే వచ్చింది. వచ్చింది సరే... కూతురికి చీర పెట్టిందా? బొట్టు పెట్టిందా? లేదు! బకెట్లోంచి చెంబెడు నీళ్ళు ముంచి దర్వాజ ముందు పారబోసి, అవి ఎటు పోతాయో అని వంగి చూస్తూ నిలబడింది!

“బాపు కట్టిన ఇల్లు కూలగొట్టినవ్. గా బెంగతోనే బాపు పోయిండు. ఇప్పుడు నా ఇంటి మీద పడ్డవా? ఎవరు పిలిచిన్రు నిన్ను?”

కాశమ్మ ఆరేళ్ళుగా ఈ మాట పడుతూనే ఉంది పిచ్చితల్లి! చెంబు పక్కన పెట్టి, గల్లీలోకి జరిపి కట్టిన కొత్త మెట్టు మీద కూలబడింది. “పోనియ్ సుజనా, పెద్దమనిషి” అని భర్త ఎల్లేష్ అన్నా సుజన వింటేనా!

ఎలా వింటుంది! బార్కస్ దాటాక, గుట్ట కింద, ఆ రాతి ఇంట్లోనే కదా ఆమె పుట్టి పెరిగింది! తండ్రి మల్లన్న మేస్త్రీ, పని లేని ఆదివారాలన్నీ పోగుచేసి, తానే రాయి కొట్టి తానే గోడ పేర్చిన ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ చల్లటి బండల మీద బోర్లా పడుకుంటే లేవబుద్ధయ్యేదే కాదు. వెనక సీతాఫలం చెట్లు, రెండు బర్రెలు... కాశమ్మ జొన్నరొట్టె చరుస్తుంటే, ఆ చప్పుడుకి మల్లన్న కంచం మీద తాళం వేసేవాడు. సుజన పకపకా నవ్వేది! అలాంటి ఇంటిని, ఆమె పెళ్ళైన ఏడాదికే, ఒక్క మాటైనా చెప్పకుండా తల్లి నేలమట్టం చేయించింది. ఎందుకే అని అడిగితే “పాతదైంది బిడ్డా” అన్న ముక్క తప్ప మరోటి రాలేదు ఆమె నోట.

“గామెను ఏమనకు సుజనా!”

అన్నది మున్నీ. గుట్ట దిగువ బస్తీలో బట్టలు కుట్టుకునే మనిషి. కాశమ్మను ఆటోలో తీసుకొచ్చింది ఆమే.

“మున్నీ, ఊకో...” కాశమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది.

“నై అమ్మా! ఆరేండ్లు ఊకున్న, బస్! సుజనా, గా పెద్ద వాన యాదికుందా? మీ ఇంటి ఎగువ కుంట నిండి అలుగు దుంకింది. గా నీళ్ళు పొయ్యే పాత కాలువ మీదనే మీ బాపు ఇల్లు గట్టిండు. పాపం, ఇరవై ఏండ్లు సుక్క నీళ్ళు రాలే, ఎండిపోయిన కాలువే అనుకున్నడు. నీళ్ళు మీ గోడకు తగిలి మా బస్తీ మీదికి మర్లినయ్! పిల్లను సంకనేసుకొని నేను రేకుల మీదికెక్కిన... మీ బాపు గడ్డపార పట్టుకున్నడు గని చెయ్యి లేవలే. తాను పేర్చిన గోడాయె! మీ అమ్మ గుంజుకొని తనే ఏసింది మొదటి పోటు. వాన ఎలిసినంక మిగిలిందంతా తనే కూలగొట్టించింది, మళ్ళ ఎవరి కొంప మునగొద్దని!”

సుజన వచ్చి తల్లి ముందు, మెట్టు కింద కూర్చుంది. “నాకెందుకు చెప్పలేదమ్మా...”

అప్పుడు నిండాయి కాశమ్మ కళ్ళు! “మీ బాపు సిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు బిడ్డా. ‘నా పనితనం మంది కొంపలు ముంచిందని బిడ్డకు తెలువొద్దు కాశీ’ అన్నడు. నన్ను తిట్టినా నువ్వు నా బిడ్డవే... ఆయన మీద నీ మనసు ఇరిగితే నేను మళ్ళ ఏడికెళ్ళి తేవాలె?”

సుజన తల్లి ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరేళ్ళ మాటలు ఏ నీళ్ళతో కడిగితే పోతాయి! కాశమ్మ ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది.

సుజన లేచింది. చెంబు ముంచి, తానే దర్వాజ ముందు నీళ్ళు పోసింది. తల్లీకూతుళ్ళిద్దరూ వంగి చూశారు. నీళ్ళు సాగి సాగి, కొత్త మెట్టుకి తగిలి, పక్కింటి గడప వైపు మళ్ళాయి.

“ఏమయ్యా, గీ మెట్టు తీసేయించు” అంది సుజన, ఎల్లేష్‌తో. “ఇప్పుడే!”

కాశమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు, కుంకుమ భరిణె అందుకుని, కూతురి దర్వాజకి బొట్టు పెట్టింది.