తొలవని సీసా

రెల్లుపొదల్లో పడున్న వాలంటీరు గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది. చెరువు నీళ్ళ శాంపిళ్ళు తీసే అతని సంచీ మాత్రం లేదు.

"విదేశీ ముఠా పని," ఫోన్లో చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. "ఆ సంచీతో ఎవరో వాలంటీర్లలో దూరి చెరువులో విషం కలపబోతున్నారు. ఊరంతా తాగేది ఈ నీళ్ళే."

ఏజెంట్ గద్ద ఫోన్ పెట్టేశాడు. ఆ ఊళ్ళోనే, బడి కుళాయి కింద దోసిలి పట్టి తాగే కూతురుంది అతనికి.

మర్నాడు పొద్దున్నే టోపీ, రబ్బరు బూట్లు తగిలించుకుని వాలంటీర్లలో కలిసిపోయాడు. వాళ్ళ నాయకురాలు రిటైర్డ్ నర్సు. అందరికీ అక్కయ్య. గోధుమరంగు సీసా ఒకటి చేతికిచ్చి క్లాసు పీకింది.

"ముందు ఈ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబొయ్యాలి. ఆ తర్వాతే శాంపిల్. తొలవని సీసా నా దగ్గరికి తేవద్దు."

"అలాగే అక్కయ్యా."

ఎర్ర రెయిన్‌కోటులో ఓ అందగత్తె పక్కకొచ్చి నిలబడింది. "అడుగు కనిపిస్తోందా?"

"చేపలు కూడా."

కోడ్ కలిసింది. ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంటుకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ నెమలి ఈమే.

"హంతకుడు పంపుహౌస్ వెనకున్నాడు. గడ్డంవాడు. నువ్వెళ్ళు, ఇక్కడ నేను చూసుకుంటా."

గడ్డంవాడు మాటల మనిషి కాడు. కత్తి గద్ద భుజంలో పిడిదాకా దించాడు. గద్ద వాడి జుట్టు పట్టి, పుర్రె పగిలేదాకా తలను గోడకేసి కొట్టాడు. చచ్చినవాడి దగ్గర సంచీ లేదు, సీసా లేదు.

రొప్పుతూ మలుపు తిరిగాడు. ఊరికి నీళ్ళు లాగే గొట్టం పక్కన, ఆఖరి మెట్టు మీద నెమలి వంగి ఉంది. చేతిలో గోధుమరంగు సీసా. ముంచలేదు, తొలవలేదు, మూత తిప్పుతోంది. అంటే ఆ సీసా ఖాళీది కాదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

గద్ద ఒక్క దూకులో మోకాలిలోతు నీళ్ళలోకి దిగి ఆమె మణికట్టు పట్టాడు. ఆమె రెండో చేత్తో పిస్తోలు పేల్చింది. అతని చెవి ఎగిరిపోయింది. ఆ చేతిని ఎముక విరిగేదాకా మెలిపెట్టాడు. రెండో గుండు ఆమె గడ్డం కిందనుంచే తలలోకి దూసుకుపోయింది. జారిన సీసాను నీళ్ళకు బెత్తెడు పైన అందుకుని, ఊడబోతున్న మూత బిగించాడు. కూతురి దోసిలి కళ్ళముందు మెదిలి, అంతటి మనిషికీ ఏడుపొచ్చింది.

పిస్తోలు మోత విని అక్కయ్య వచ్చింది. మెట్ల మీది శవాన్ని చూసింది, సీసాను చూసింది.

"తొలిచిందా?"

"లేదక్కయ్యా."

"అనుకున్నా. నువ్వు ముందు పైకి రా నాయనా, కట్టు కడతాను. నీ నెత్తురంతా నీళ్ళలో కారుతోంది, ఇవాళ్టి రీడింగ్ పాడైపోదూ?"