లక్ష ఏళ్ల గొయ్యి

పొద్దున్నే వామన్‌రావు అటక మీది నుంచి పక్కబట్టలు చుట్టుకుపోయే హోల్డాల్ దించాడు. వంటింట్లోంచి అది చూసిన భార్య వసుమతి చేతిలో టీ గిన్నె అట్లాగే ఉండిపోయింది. నాంపల్లిలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో హోల్డాల్ దిగిందంటే ఆయన క్యాంపుకు పోతున్నట్టే. రిటైరై ఏడు నెలలు కూడా కాలేదు మరి!

"ఏంది ఇది?"

"మా ఆఫీసోళ్లు మళ్ల పిలిచిన్రు వసూ. రెండేండ్లు. అణు వ్యర్థాలు పాతిపెట్టే గొయ్యికి రాయి చూడాలె, ఐదు వందల మీటర్ల కింద. పది గంటలకు ఫోన్ చేస్తరు, ఔ అంటే అయిపాయె. అబిడ్స్‌ల బూట్లు గూడ తెచ్చుకున్న."

అడగడం కాదు, చెప్పడం. ముప్పై ఏళ్లుగా అంతే. భూగర్భ శాస్త్రంలో ఆయనకు పెద్ద పేరు. బోరు వేసి తీసిన రాతి ముక్కను నీళ్లతో తడిపి, ఆరేదాకా చూస్తూ కూర్చుంటాడు. మిగతాదంతా ఆరిపోయినా పగులున్న చోట తడి గీత మిగులుతుందట. ఎంత సన్నదైనా ఆయన కన్ను పట్టేస్తుంది. ఇంట్లో మాత్రం ఆ కన్ను ఎక్కడ పెట్టి మరిచాడో దేవుడికే తెలియాలి.

"నేను పోవద్దంటే?"

ఆయన నవ్వాడు. "నీకేం ఫికర్? మన హర్షను ఒక్కదానివే పెంచినవ్. ఎప్పుడు ఫోన్ చేసినా అంతా మంచిగనే ఉందన్నవ్. ఇది చిన్న పని గాదు. ఆ గోతిలకు నీళ్లు దిగితే లక్ష ఏండ్ల తర్వాత పుట్టెటోళ్లకు ముప్పు."

వసుమతికి ఒళ్లు మండింది.

"పుట్టనోళ్ల మీద గంత ప్రేమ, గంత పావురమా! నేను పుట్టిన్నో లేదో ఎన్నడన్న చూసిన్రా? మీ క్యాంపుల ఫోన్ వంటోడి డేరాల ఉండె. పదిమంది ఇనంగ నేనేం చెప్పాలె? హర్ష ఆరో తరగతిల ఉన్నప్పుడు నాకు గర్భసంచి తీసేసిన్రు. తొమ్మిది రోజులు దవాఖానల ఉన్న. కింది ఇంటి కమలకుమారి సంతకం పెట్టింది. మీకు మా అమ్మగారింట్ల ఉన్ననని చెప్పిన."

వామన్‌రావు మంచం మీద కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వచ్చెటోళ్లా?"

వచ్చేవాడినని చెప్పబోయాడు. కానీ ఆ ఏడు పెద్ద బోరు పని నడుస్తోంది. వచ్చేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కట్టుకున్న మనిషి ఇన్నేళ్లు ఎంత ఒంటరిగా బతికిందో తలుచుకుంటే ఆయనకు సిగ్గుతో కళ్లు మండాయి.

పదింటికి ఫోన్ మోగింది.

"నేను రాను సార్. నా కింద పని నేర్చుకున్న మేఘనకు అప్పజెప్పుండ్రి. రాయి చూసుట్ల నాకంటే ఆమెనే నయం."

ఫోన్ పక్కన పెట్టి హోల్డాల్‌ను తిరిగి అటక మీదికి ఎక్కించాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అప్పుడు బాగ నొచ్చెనా, వసూ?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. వసుమతి కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఏడుపు ఆగలేదు.

"మస్తు నొచ్చింది," అంది. "మీకు చెప్పలేదని తెల్సి గూడ, మీరొస్తరేమోనని తలుపు దిక్కే చూసిన."