స్టిక్కరు తీయని బ్యాటరీలు

పొద్దున్న ఏడింటికి రేడియోలో మారకం రేటు చెప్పే వేళకి అన్నదమ్ములిద్దరూ టీ గ్లాసులతో తల్లి బల్ల దగ్గర ఉంటారు. కాపురాలు గోడకి అటొకటీ ఇటొకటీ అయినా, పొద్దుటి టిఫిన్ మాత్రం అక్కడే. అన్న తోలు గ్లవ్జులు కుట్టించి పై దేశాలకి పంపుతాడు. తమ్ముడు పై దేశాల నుంచి చెవి మిషన్లు తెప్పించి బజార్లో అమ్ముతాడు. ఒక్క కడుపున పుట్టి ఇలాంటి ఎదురెదురు వ్యాపారాలు ఎలా తగిలించుకున్నారో గానీ, రేటు ఎటు కదిలినా ఒకరికి మోదం, ఒకరికి ఖేదం.

ఈ ఏడాదంతా మన డబ్బు పడుతూనే ఉంది. అన్నకి వచ్చే డాలర్లు అవే అయినా, మార్చుకుంటే ఎక్కువ నోట్లు చేతికొస్తాయి. తమ్ముడు మాత్రం నిరుటి మిషన్‌కే నిరుటికంటే ఎక్కువ పొయ్యాలి. తల్లికి చెవుడు. తమ్ముడి కొట్లో మిషనే పెట్టుకుంటుంది. పెద్దవాడు పక్కన చేరి రేటు చెబితే నవ్వి తల ఊపుతుంది. చిన్నవాడు అదే రేటు చెప్పినా అలాగే ఊపుతుంది. అత్తయ్యది గోడ మీద పిల్లి వాటమని పెద్దకోడలు వేళాకోళం చేస్తుంటుంది.

ఆ ఉదయం రేటు మళ్లీ పడింది. అన్న హుషారుగా తల్లి వైపు జరిగి, ఇంకో రెండు కుట్టు మిషన్లు వేస్తున్నానని చెప్పాడు. ఆమె నవ్వింది. తమ్ముడికి కోపం కూడా రాలేదు. నెల రోజులుగా అతని మనసుకి ఏదీ తగలడం లేదు. నిన్న ముసలి దర్జీ ఒకాయన వచ్చి, మిషన్ పెట్టి చూసుకుని, మనవరాలి మాట విని కళ్లు తుడుచుకుని, ధర తెలిశాక దాన్ని తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడూ చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. ఆ సంగతే అతన్ని భయపెట్టింది.

"నెలాఖరుకి కొట్టు మూసేస్తున్నానమ్మా," అన్నాడు.

తల్లి అదే నవ్వుతో తల ఊపింది.

పెద్దకోడలి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. తమ్ముడు లేచి వెళ్లి, తల్లి చెవి నుంచి మిషన్ తీసి, గోటితో దాని చిన్న తలుపు తెరిచాడు. లోపల బ్యాటరీ లేదు. ఆమె కళ్లజోడు పెట్టెలో వెతికితే, అతను నెలనెలా ఇచ్చిన బ్యాటరీలన్నీ స్టిక్కరు ఊడకుండా వరసగా ఉన్నాయి.

ఒకదాని స్టిక్కరు పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. వాటికి నిమిషం పాటు గాలి తగలనివ్వాలి, అప్పుడే సరిగ్గా పనిచేస్తాయి. కొట్లో అందరికీ చెప్పే మాటే. ఆ నిమిషంలోనే అన్న తల వంచుకుని మాట్లాడాడు.

"నాదీ పైన పటారమేరా. మీ దేశం డబ్బు పడింది కదా, ధర తగ్గించమని పై దేశంలో కొనేవాడు మెడ మీద కూర్చున్నాడు. తగ్గించాను. అస్తరు గుడ్డా, రంగూ బయట నుంచే రావాలి, అవేమో పెరిగాయి. కొత్త మిషన్లూ లేవు, ఏమీ లేవు."

"మరి రోజూ ఆ నవ్వేమిటన్నయ్యా?"

"అమ్మ నవ్వుతోంది కదాని."

తమ్ముడు బ్యాటరీ వేసి మిషన్‌ని తల్లి చెవికి తగిలించాడు. గరిటె గిన్నెకి తగిలిన చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది. దొరికిపోయానని తెలిసి, బల్ల మీదున్న స్టిక్కరుని వేలితో అటూ ఇటూ జరిపింది.

"ఆ రేటు విని పెద్దాడి కోసం నవ్వితే చిన్నాడికి ముద్ద దిగేది కాదు," అంది. "చిన్నాడి కోసం ఏడిస్తే పెద్దాడి ముఖం మాడిపోయేది. వినకుండా ఉంటే ఇద్దరికీ తల ఊపొచ్చు కదరా. మీరు చెప్పేవి మంచి మాటలే అనుకునేదాన్ని."

తమ్ముడికి ఇన్నాళ్లకి ఏదో తగిలింది, నొప్పిగా.

"ఇప్పుడు చెప్పండి. ఇందాక ఏమంటున్నారు?"

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు అన్నే నోరు విప్పాడు.

"తమ్ముడు కొట్టు మూసేస్తానంటున్నాడమ్మా. వాడివల్ల కావడం లేదు."

"అన్నయ్య కూడా నష్టాల్లో ఉన్నాడమ్మా," అన్నాడు తమ్ముడు. "మనకి చెప్పలేదంతే."

ఆమె ఈసారి తల ఊపలేదు. ఇద్దరినీ దగ్గరికి జరగమంది, రేడియో కట్టేయమని కోడలికి చెప్పింది.